క్యాలెండర్ మీద పదకొండు సున్నాలు: గ్యాస్ అనుకున్న ఒక పిత్తాశయం కేసు

ఈ కేసు గురించి రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. పేరు, ఊరు రాయడం లేదు. వయసు 44. పల్నాడు ప్రాంతంలో ఒక చిన్న పట్టణంలో, బస్టాండు పక్క సందులో టిఫిన్ సెంటర్ నడుపుతారు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి ఐదున్నరకల్లా పొయ్యి వెలిగిస్తారు. తాను తినేది మాత్రం షాపు కట్టేశాక, పదకొండు గంటలకు, మిగిలిన పూరీలో గారెలో. బరువు 71 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు. షుగర్ లేదు, బీపీ లేదు. ఇద్దరు పిల్లలు.

డిసెంబరు మొదటి వారంలో, డిగ్రీ చదువుతున్న కూతురిని తోడు తీసుకుని మా ఓపీకి వచ్చారు. నేను జనరల్ సర్జన్‌ని. ఆ అమ్మాయి ఫైలు బల్ల మీద పెట్టి, "మా అమ్మకి గ్యాస్ సార్, పద్నాలుగు నెలల నుంచి తగ్గట్లేదు" అంది.

ఫైలు తిరగేశాను. మొదట వాళ్ళ వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు. తర్వాత పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, నెలల తరబడి. గుండె డాక్టర్ దగ్గర ఈసీజీ, ఎకో, రెండూ బాగున్నాయి. ఎండోస్కోపీలో పొట్ట లోపలి పొర కొద్దిగా వాచిందని, పొట్టలో ఉండే హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. దానికి రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు. ఒక పొట్ట స్కానింగ్. దాని చివరి లైను 'చెప్పుకోదగ్గ లోపం ఏమీ లేదు'. వీటి మధ్యలో ఒక చీటీ మీద నా చేతిరాత కనిపించింది. ఎనిమిది నెలల కిందట ఆవిడ నా దగ్గరికే వచ్చారు. నేను ఎండోస్కోపీ రిపోర్టు చూసి, అదే మాత్ర డోసు పెంచి, కారం తగ్గించమని చెప్పి పంపాను. నొప్పి ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎటు పాకుతుంది అని అడిగినట్టు ఆ చీటీ మీద ఒక్క ముక్క లేదు.

అందుకని ఈసారి రిపోర్టులన్నీ పక్కన పెట్టి మొదటి నుంచి అడిగాను.

"నొప్పి ఎప్పుడు మొదలవుతుందమ్మా?"

"రాత్రి పన్నెండు, ఒంటిగంట అప్పుడండి. నిద్రలోంచి లేపేస్తది."

"ఎక్కడ?"

అరచెయ్యి గుండె గుంటలో పెట్టారు. తర్వాత కుడి పక్కటెముకల కిందకి జరిపారు. ఆ పైన చెయ్యి వీపు వెనక్కి తిప్పి కుడి రెక్క కింద చూపించబోయారు, అందలేదు. కూతురు వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ సార్. నేనే నూనె రాసి పిసుకుతా."

మంటగా ఉంటుందా అంటే కాదన్నారు. "బండరాయి ఎత్తి పెట్టినట్టు ఉంటదండి. కూర్చోలేను, పడుకోలేను. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతా. వాంతి అవుద్ది, అయినా తేలిక పడదు." త్రేన్పు వచ్చినా, సోడా తాగినా, విరేచనం అయినా మార్పు లేదు. పావుగంటలో పెరిగి, రెండు మూడు గంటలు అలాగే బిగబట్టి ఉంటుంది. తెల్లవారేసరికి మంత్రం వేసినట్టు పోతుంది. మళ్ళీ వచ్చేదాకా మనిషికి ఏ బాధా లేదు.

పిత్తాశయం (గాల్ బ్లాడర్) నొప్పిని వైద్య పుస్తకాలు 'బిలియరీ కోలిక్' అంటాయి. కోలిక్ అంటే అలలు అలలుగా వచ్చి పోయే నొప్పి అని అర్థం. ఈ పేరు చాలామందిని, డాక్టర్లను కూడా, తప్పుదారి పట్టిస్తుంది. నిజానికి ఇది వచ్చి పోతూ ఉండదు. పైకెక్కి అక్కడే నిలబడుతుంది. అరగంట నుంచి ఐదారు గంటల దాకా ఉండి దిగిపోతుంది. అసిడిటీ అలా ఉండదు. అది మంట, గొంతులోకి పుల్లగా తన్నుకొస్తుంది, ఆకలితోనో మసాలాతోనో రోజూ ఎంతో కొంత ఉంటుంది, మాత్రకు లొంగుతుంది.

మాత్రకు లొంగడం అన్నచోటే ఈ కేసులో అందరం మోసపోయాం. "నొప్పి వచ్చినప్పుడు గ్యాస్ మాత్ర వేసుకుంటే రెండు గంటలకు తగ్గుద్దండి" అని ఆవిడ ప్రతి డాక్టరుకీ చెప్పారు. మేమంతా అయితే గ్యాసే అనుకున్నాం. ఆ నొప్పి మాత్ర వేసుకోకపోయినా రెండు గంటలకు తగ్గేదే. పోయే నొప్పి దానంతట అది పోతుంటే పేరు మాత్రకు వచ్చింది.

ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుందా అని అడిగితే తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆ అమ్మాయే అంది: "పాల లెక్క రాసే క్యాలెండర్‌లో ఉంటది సార్. షాపు తియ్యని రోజు అమ్మ సున్నా చుడుతుంది, పాలవాడికి ఆ రోజు డబ్బులు కట్టక్కర్లేదని." మర్నాడు రెండు సంవత్సరాల క్యాలెండర్లు చుట్ట చుట్టి పట్టుకొచ్చింది.

నా ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఇంత మంచి కేస్ రికార్డు చూసింది తక్కువ. నొప్పితో షాపు మూసిన రోజులు పద్నాలుగు నెలల్లో పదకొండు. వాటిలో ఏడు సోమవారాలు. ఆదివారం రాత్రికి ఇంట్లో కోడికూరో మటనో వండుకుని కడుపునిండా తినే అలవాటు వాళ్ళది. ఇంకో రెండు సున్నాలు పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చిన మర్నాడు. మిగిలిన రెండింటికీ ఏ కారణమూ దొరకలేదు. పిత్తాశయం నొప్పి ఒక్కోసారి ఏమీ తినకుండా నిద్రలో కూడా వస్తుంది. మొట్టమొదటి సున్నా దసరా మర్నాడు.

క్యాలెండర్లో రెండు కార్తీక మాసాలున్నాయి. రెండూ ఖాళీ. ఒక్క సున్నా లేదు.

"కార్తీకంలో ఎప్పుడూ రాలేదండి. నీసు ముట్టను, సాయంత్రం చుక్క చూసి ఒంటిపూట తింటాను. శివయ్య దయ అనుకున్నా" అన్నారావిడ. ఆ మాటను నేను కాదనలేదు. ఆ నెలలో ఆవిడ ఒంట్లోకి కొవ్వు ఎంత తక్కువ వెళ్ళిందో మాత్రం రాసుకున్నాను. మాసం అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం రాత్రే నొప్పి తిరిగొచ్చింది. మా ఓపీకి వచ్చింది ఆ తర్వాతే.

కాలేయం రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. అందులో కొంత, కాలేయం కిందనే బుడంకాయంత సంచిలో చేరి చిక్కబడుతుంది. ఆ సంచే పిత్తాశయం, గాల్ బ్లాడర్. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. పూరీ నూనె, మాంసం కొవ్వు పొట్ట దాటి చిన్నపేగులోకి దిగగానే ఆ పేగు గోడ కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. దాంతో సంచి బిగుసుకుని రసాన్ని పేగులోకి పిండుతుంది. సంచిలో రాళ్ళుంటే, పిండే సమయానికి ఒక రాయి వచ్చి సంచి మెడ దగ్గర అడ్డుపడుతుంది. మూసిన తలుపు మీదకి తోసినట్టు సంచి తోస్తూనే ఉంటుంది. అదే ఆ బండరాయి నొప్పి. రాయి వెనక్కి జారితే నొప్పి ఆగిపోతుంది. కుడి రెక్క కింద నొప్పి ఎందుకంటే, పిత్తాశయం నుంచి వచ్చే నరాలూ ఆ చోటి చర్మం నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే మెట్ల దగ్గర చేరతాయి. మెదడు ఆ రెండింటికీ తేడా పట్టలేదు.

మన భాషలో వాంతికి ముందు తల తిరిగితే 'పైత్యం చేసింది' అంటాం. పైత్యరసాన్ని మన పెద్దవాళ్ళు ఎరగనిది కాదు. ఆ నొప్పికి మాత్రం ఇప్పుడు మనందరికీ ఒకటే పేరు మిగిలింది, గ్యాస్. ఛాతీ కింద నుంచి బొడ్డు దాకా ఏం వచ్చినా గ్యాసే. గుండెపోటు కూడా ఇదే పేరుతో ఇంట్లో ఉండిపోతోంది. అందుకే ఆవిడకు పాత ఈసీజీ బాగున్నా మళ్ళీ తీయించాను. నలభై దాటినవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు పైకడుపులో నొప్పి, చెమటలు వస్తే పిత్తాశయం సంగతి తర్వాత. ముందు ఈసీజీ తీయాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

పొట్ట నొక్కి చూశాను. మెత్తగా ఉంది. కుడి పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంటే, వాచిన పిత్తాశయం కిందకు దిగి వేళ్ళకు తగులుతుంది. పేషెంట్ ఊపిరి సగంలో ఆపేస్తారు. దీన్ని మర్ఫీ సైన్ అంటాం, షికాగో సర్జన్ జాన్ మర్ఫీ పేరు మీద. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చారు. దానర్థం ఆ రోజు వాపు లేదనే తప్ప, రాళ్ళు లేవని కాదు.

మరి పాత స్కానింగ్? దాన్ని ఈసారి మొదటి లైను నుంచి చదివాను. పిత్తాశయం దగ్గర 'పార్షియల్లీ కాంట్రాక్టెడ్' అని ఉంది. అంటే సంచి సగం ముడుచుకుని ఉంది. ఎప్పుడు చేయించుకున్నారని అడిగితే, షాపు కట్టేసి, అన్నం తిని, సాయంత్రం నాలుగింటికి వెళ్ళామన్నారు. తిన్నాక చేస్తే సంచి రసాన్ని పిండేసి ముడుచుకుంటుంది. ముడుచుకున్న సంచిలో చిన్న రాళ్ళు మడతల్లో కలిసిపోతాయి. రిపోర్టు రాసినవాళ్ళు ఆ మాట నిజాయితీగా రాశారు. చివరి లైను తప్ప చదవనిది మేము.

మళ్ళీ స్కానింగ్ రాశాను. రాత్రి ఎనిమిదికి తేలిగ్గా తినేసి, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దని చెప్పాను. ముఖ్యంగా పొద్దున పాలు కలిపిన టీ కూడా వద్దు. ఆవిడ లేచేది మూడున్నరకు కాబట్టి ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పరగడుపున సరిగ్గా చేస్తే పిత్తాశయంలో రాళ్ళను నూటికి 95 కేసుల్లో మామూలు అల్ట్రాసౌండే పట్టేస్తుంది. సీటీ స్కాన్ ఖరీదెక్కువ కాబట్టి ఇంకా బాగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఈ రాళ్ళ విషయంలో అది వెనకబడుతుంది, కొవ్వుతో తయారైన రాళ్ళు పైత్యరసంలో కలిసిపోయి అందులో కనిపించవు. రేడియాలజిస్టుకు నేనే ఫోన్ చేసి, ఆవిడను ఎడమ పక్కకు తిప్పి సంచి మెడ భాగం చూడమని అడిగాను.

అరడజనుకు పైగా రాళ్ళు. ఎక్కువ భాగం 4 నుంచి 6 మిల్లీమీటర్లు, ఒకటి 9. పక్కకు తిప్పితే కదిలాయి, వెనక నీడ పడింది, రెండూ రాయికి గుర్తులే. సంచి గోడ మందం 3 మిల్లీమీటర్ల లోపే. పైత్యరసం పేగులోకి వెళ్ళే ప్రధాన నాళం నాలుగున్నర మిల్లీమీటర్లు, మామూలే. బిలిరుబిన్ 0.8, మిగతా లివర్ పరీక్షలు, క్లోమం (ప్యాంక్రియాస్) వాపును చెప్పే లైపేజ్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒకవేళ ఈ స్కానింగ్‌లోనూ ఏమీ కనిపించకపోతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండుకో, సంచి ఎంత పిండుతోందో కొలిచే హైడా స్కానుకో పంపేవాణ్ణి. అంత కచ్చితంగా ఉంది ఆ క్యాలెండర్.

రాళ్ళు అనగానే ఆవిడ మొదటి ప్రశ్న, "కిడ్నీలోనా అండి?" వారం తిరక్కుండా బంధువులు కొండపిండాకు, అరటిదూట రసం, బార్లీ నీళ్ళు అన్నీ చెప్పేశారు. కిడ్నీ రాయి మూత్రం దారిలో ఉంటుంది కాబట్టి ఎక్కువ నీళ్ళు తాగితే చిన్నది కొట్టుకుపోవచ్చు. పిత్తాశయం ఆ దారిలో లేనే లేదు. ఎంత నీళ్ళు తాగినా ఆ సంచిలోకి వెళ్ళవు. ఇక్కడి రాయి కిందకు జారితే మంచిది కూడా కాదు. ప్రధాన నాళంలో అడ్డుపడితే కామెర్లు వస్తాయి, క్లోమం వాచితే ప్రాణం మీదకు వస్తుంది. కొడుకు ఫోన్లో చూసి ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పచ్చటి రాళ్ళు విరేచనంలో పడతాయన్నాడు. అలా పడేవి పేగులో నూనె సబ్బుగా మారిన ముద్దలు. నీళ్ళలో తేలతాయి, ఎండలో పెడితే కరుగుతాయి. కరిగించే మాత్ర ఒకటి నిజంగానే ఉంది, అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్. చిన్నవి, కొలెస్ట్రాల్ రాళ్ళు అయితే, నెలల తరబడి వాడితే కొందరికి కరుగుతాయి. ఆపాక ఐదేళ్ళలో సుమారు సగం మందికి మళ్ళీ వస్తాయి. పదకొండుసార్లు నొప్పి వచ్చిన మనిషికి నేనది రాయను.

ఆపరేషన్ చేద్దామన్నాను. ఆవిడ సంక్రాంతి దాకా ఆగమన్నారు. పండక్కి ఊరికి వచ్చేవాళ్ళతో షాపుకు అదే పెద్ద గిరాకీ, పైగా వాయిదా చీటీ కట్టాలి. నేను ఒప్పుకున్నాను. వాపు లేదు, నాళం బాగుంది, కొన్ని వారాలు ఆగొచ్చనుకున్నాను. ఇప్పుడైతే అంత తేలిగ్గా ఒప్పుకోను. చిన్న చిన్న రాళ్ళు ఎక్కువగా ఉన్న సంచి పెద్ద రాయి ఒక్కటి ఉన్నదాని కంటే ఎక్కువ భయపెట్టాలి, జారిపోయేవి అవే. నూనె తగ్గించండి, పదకొండు దాకా ఖాళీ కడుపుతో ఉండకుండా ఏడింటికల్లా రెండు ఇడ్లీలు తినండి అని చెప్పాను. కూతురితో విడిగా మాట్లాడాను. నొప్పి ఆరు గంటలు దాటినా, చలిజ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాత్రల కోసం చూడకుండా నేరుగా హాస్పిటల్‌కి తీసుకురమ్మన్నాను. ఆ అమ్మాయి ఫోన్లో రాసుకుంది.

కనుమ నాడు ఇంటినిండా చుట్టాలు. గారెలు, మటన్. రాత్రి పదకొండుకు నొప్పి మొదలైంది. ఎప్పటిలా తెల్లవారేసరికి పోతుందని అందరూ అన్నారు. కూతురు మాత్రం టైము చూస్తూ కూర్చుంది. ఐదు దాటినా తగ్గకపోయేసరికి ఆటో మాట్లాడి తీసుకొచ్చేసింది. అప్పటికి జ్వరం 101.2. ఈసారి వేళ్ళు పెట్టగానే ఊపిరి సగంలో ఆగింది. తెల్లకణాలు 14,200కి పెరిగాయి. స్కానింగ్‌లో గోడ 5 మిల్లీమీటర్లు, చుట్టూ సన్నగా నీరు, 9 మిల్లీమీటర్ల రాయి మెడలో ఇరుక్కుని కదలడం లేదు. అక్యూట్ కోలిసిస్టైటిస్, అంటే పిత్తాశయానికి ఉన్నట్టుండి వచ్చే వాపు.

ఒకప్పుడు ఇలాంటి వాపును మందులతో చల్లార్చి, ఆరు వారాల తర్వాత ఆపరేషన్ చేసేవాళ్ళం. ఇప్పుడు వీలైనంత త్వరగా, మొదటి మూడు రోజుల్లోపు చేయడమే మేలని నిలబడింది. ఆగితే ఈలోపు మళ్ళీ నొప్పి రావచ్చు, అతుకులు గట్టిపడతాయి. సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టి మర్నాడు పొద్దున లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) చేశాం. అవసరమైతే పెద్ద కోత పెట్టాల్సి రావచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నాను.

సంచి ఉబ్బి, పట్టుకుంటే జారిపోతోంది. సూదితో లోపలి రసం తీసేశాకే పట్టు దొరికింది. కొవ్వు పొర చుట్టూ అతుక్కుంది. ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ప్రధాన నాళాన్నే సంచి నాళం అనుకుని కత్తిరించడం. అందుకే సంచిలోకి వెళ్ళేవి రెండే రెండు గొట్టాలు, ఒక నాళం ఒక ధమని, అని కళ్ళారా చూసేదాకా కత్తెర పెట్టకూడదు. మామూలుగా నలభై నిమిషాల్లో అయ్యేది గంట నలభై నిమిషాలు పట్టింది. లోపల చేరే నీరు బయటకు రావడానికి ఒక డ్రెయిన్ గొట్టం పెట్టాం, మర్నాడు తీసేశాం. మూడో రోజు ఇంటికి పంపాం. సంచిని బయాప్సీకి పంపాం. నొప్పికి కారణం తెలిసిపోయింది కదా అని దీన్ని వదిలేయకూడదు, అరుదుగా అందులో క్యాన్సర్ బయటపడుతుంది. ఆవిడకు అలాంటిదేమీ లేదు. పాత వాపు మీద కొత్త వాపు అని వచ్చింది. పద్నాలుగు నెలల ముచ్చట అదే.

రాళ్ళు లెక్కపెడితే పదిహేడు. చిన్న సీసాలో వేసి ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చేతిలో తిప్పి చూశారు. "ఇన్నాళ్ళూ మా ఆయన టెన్షన్ వల్ల వస్తుంది అనేవాడండి" అన్నారు. ఆ సీసా ఇంటికి పట్టుకెళ్ళారు.

రెండు రోజులు కుడి భుజం నొప్పి ఉంది. ఆపరేషన్‌కు పొట్టలో నింపే కార్బన్ డయాక్సైడ్ ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరాన్ని రాపాడించడం వల్ల వచ్చేది, దానంతట పోయింది. మూడు వారాల పాటు, నూనె తింటే విరేచనాలు పల్చగా అయ్యాయి. సంచి లేకపోతే రసం చుక్కచుక్కగా పేగులోకి పడుతూనే ఉంటుంది, ఒళ్ళు దానికి సర్దుకోవడానికి కొంత టైము పడుతుంది. రెండో వారం చివర షాపు తీశారు. పిండి గిన్నెలు ఎత్తే పని ఆరు వారాల దాకా తమ్ముడి కొడుక్కి అప్పగించారు.

మార్చిలో రివ్యూకి వచ్చినప్పుడు రాత్రి నొప్పి ఒక్కసారీ రాలేదన్నారు. అప్పుడప్పుడు పొద్దున మంట మాత్రం ఉంది. ఎండోస్కోపీలో కనిపించిన వాపు నిజమే. హెచ్ పైలోరీ పోయిందో లేదో చూసే పరీక్ష రాశాను, మాత్ర అవసరమైన రోజున వేసుకోమన్నాను. ఆవిడకు రెండు జబ్బులున్నాయి. మొదట దొరికినదాన్ని చూసి మేమంతా వెతకడం ఆపేశాం.

లేచి వెళ్ళబోతూ కూతురు ఆగింది. "నాకూ స్కానింగ్ చేయించుకోమంటారా సార్? మా అమ్మమ్మకి కూడా ఉన్నాయంట."

నొప్పి ఏమైనా ఉందా అని అడిగాను. లేదంది. అయితే అక్కర్లేదన్నాను. కుటుంబంలో ఉంటే వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, నిజమే. నొప్పి లేని రాళ్ళున్న నూరు మందిలో ఏడాదికి ఒకరిద్దరికే నొప్పి మొదలవుతుంది; మిగతావాళ్ళ జోలికి మేము సాధారణంగా వెళ్ళం. బరువు ఒక్కసారిగా తగ్గే డైట్లు మాత్రం చేయొద్దన్నాను, వాటితో కొత్త రాళ్ళు పుడతాయి. ఆ అమ్మాయి ఫోన్ తీసి అది కూడా రాసుకుంది.